నంబరు కాదు, తాళంచెవి!

పిల్లలూ! మీ ఇంట్లో బీరువా తాళంచెవి ఎక్కడ ఉంటుందో మీకు తెలుసు. దారినపోయే మనిషెవరో వచ్చి, "బాబూ, మీ బీరువా తాళంచెవి ఒకసారి ఇలా ఇవ్వు" అంటే ఇస్తారా? ఇవ్వరు. మీ నాయనమ్మ అయితే కర్ర తీసుకొని వాడి వెంటపడుతుంది. కాని అటువంటి నాయనమ్మే, అటువంటి నాన్నే, ఫోనులో ఎవరో అడిగితే ఆరు అంకెలు చదివి చెప్పేస్తున్నారు. ఎందుకని?

దర్శిలో మా వీధిలో ఉండే ఒక రైతు సంగతి చెబుతాను. నిరుడు ఆయన మిరపకాయలు అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. రెండు రోజులు గడిచాక ఫోను వచ్చింది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోయేట్టుంది" అని అవతలివాడు భయపెట్టాడు. మాటల్లో పెట్టి కార్డు వివరాలు రాబట్టాడు. చివరకు, "ఇప్పుడు మీకొక ఓటీపీ నంబరు వచ్చింది, అది చెప్పండి చాలు" అన్నాడు. ఈయన కళ్లజోడు పెట్టుకొని, ఒక్కొక్క అంకె తప్పు పోకుండా చదివి వినిపించాడు. పది నిమిషాల్లో ఒక కోత కాయల డబ్బు ఖాళీ అయిపోయింది. మరునాడు మా అరుగు మీద కూర్చుని ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"వాడు నంబరే గదా మాస్టారూ అడిగింది! తాళం అడిగితే ఇచ్చేవాణ్ణా?"

ఆలోచించి చూడండి. ఆయన తెలివితక్కువవాడు కాదు. ముప్ఫై ఏళ్లుగా మిరప పండిస్తున్నాడు. కాయను చేత్తో నలిపి చూసి ఎంత ఆరిందో చెప్పగలడు. కాటా దగ్గర ఆయనను ఎవరూ మోసం చేయలేరు. ఫోను దగ్గర మోసపోవటానికి ఒక కారణం ఏమిటంటే, తన చేతిలో ఉన్న వస్తువుకు లోకం తప్పు పేరు పెట్టింది. తాళంచెవిని అందరూ నంబరు అంటుంటే ఆయనా నంబరనే అనుకొన్నాడు.

కాబట్టి ఈ నెల మనం కంప్యూటర్ భద్రతలో వాడే పేర్లను గురించి తెలుసుకొందాం. పేరు వెనుక ఉన్న వస్తువు తెలిస్తే సగం భయం పోతుంది, సగం మోసం ఆగుతుంది.

రెండు గళ్ల నోటుపుస్తకం

మా పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న ఒక కుర్రవాడు ఇప్పుడు జర్మనీలోని బోకుమ్ నగరంలో కంప్యూటర్ భద్రత చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నన్ను చూడటానికి వచ్చాడు. చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీకీ రెండు గళ్లు. ఒక గడిలో ఇంగ్లీషు మాట, రెండవ గడిలో దానికి జర్మన్ మాట.

"ఏరా, మూడవ గడి ఏదీ?" అన్నాను.

"మూడవది ఏముంటుంది మాస్టారూ?"

"తెలుగు గడి. జర్మన్లు వాళ్ల మాటలు వాళ్లు కట్టుకొంటే మనం ఎందుకు కట్టుకోకూడదు?"

ఆ సాయంకాలం ఇద్దరం కూర్చుని మూడవ గడి నింపటం మొదలుపెట్టాం. అప్పుడు గమనించిన సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

జర్మన్ భాషలో ఒక సుగుణం ఉంది. మీరు తెలుగు వ్యాకరణంలో సమాసాలు చదువుకొన్నారు గదా! జర్మన్లు కూడా మనలాగే చిన్న మాటలను కలిపి పెద్ద సమాసాలు చేస్తారు. ముక్కలు విడదీస్తే అర్థం బయటపడుతుంది. ఉదాహరణకు, హాని చేసే ప్రోగ్రాములన్నిటినీ కలిపి ఇంగ్లీషులో మాల్‌వేర్ అంటారు. జర్మన్‌లో దాన్ని షాట్‌సాఫ్ట్‌వేర్ అంటారు. షాట్ అనే ముక్క హాని అనే మాట నుంచి వచ్చింది. అంటే "హాని సాఫ్ట్‌వేరు" అన్నమాట. బడి పిల్లవాడికి కూడా అది మంచిది కాదని పేరులోనే తెలిసిపోతుంది.

ఒకే మాట, రెండు అర్థాలు

నోటుపుస్తకంలో మొదటి మాట భద్రత. ఇంగ్లీషులో దీనికి రెండు మాటలు ఉన్నాయి. సేఫ్టీ ఒకటి, సెక్యూరిటీ ఒకటి. ప్రమాదం నుంచి కాపాడేది సేఫ్టీ. శత్రువు నుంచి కాపాడేది సెక్యూరిటీ. జర్మన్‌లో మాత్రం రెండింటికీ కలిపి జిషర్‌హైట్ అనే ఒకటే మాట. మన తెలుగూ అంతే! రోడ్డు భద్రతా వారోత్సవాలు అంటాం, సరిహద్దు భద్రతా దళం అంటాం. మొదటిది ప్రమాదాల గురించి, రెండవది శత్రువుల గురించి.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? పిడుగు మీ ఇంటిని వెతుక్కుంటూ రాదు. మీరు గొడుగు పట్టుకొంటే వాన తన పద్ధతి మార్చుకోదు. దొంగ అలా కాదు. మీరు ముందు తలుపుకు తాళం వేస్తే వాడు వెనక తలుపు చూస్తాడు. ఆలోచించి, ఎదురుదెబ్బ తీసే ప్రత్యర్థి ఉన్నచోట కాపలా కాసేదే కంప్యూటర్ భద్రత. అందుకే దానికి ముగింపు లేదు.

మరి కాపాడవలసింది దేనిని? మీ నాన్న మిరపకాయల బస్తాలు తూకం వేయించి తెచ్చిన కాటా చీటీని తీసుకోండి. ఆ చీటీలో సంగతి సంబంధం లేనివారు చూడకూడదు. ఇది గోప్యత. అందులో 42 అని ఉన్నది 24 కాకూడదు. ఇది చెక్కుచెదరకపోవటం. డబ్బు తీసుకోవటానికి వెళ్లిన రోజున చీటీ చేతికి అందాలి. ఇది అందుబాటు. ప్రపంచంలో ఏ పెద్ద కంప్యూటర్ కేంద్రంలోనైనా భద్రత అంటే మూలంలో ఈ మూడే.

తెగులు, పురుగు, గుర్రం

ఇక హాని ప్రోగ్రాముల పేర్లు చూద్దాం. మిరప, పత్తి పండించే పల్లెల పిల్లలకు ఇవి పట్నం పిల్లలకంటె తేలికగా అర్థమవుతాయి.

మిరప తోటలో ఆకులు ముడుచుకొనిపోయే తెగులును మన రైతులు జెమినీ వైరస్ అంటారు. ఆ వైరస్ తనంతట తాను నడవలేదు. తెల్లదోమ మోసుకొనిపోవాలి. మొక్క కణంలో దూరితేనే పెరుగుతుంది. కంప్యూటర్ వైరస్ కూడా అంతే. అది మరొక ప్రోగ్రాముకు అంటుకొని ఉంటుంది. ఎవరైనా ఆ ప్రోగ్రామును నడిపినప్పుడే అది మేలుకొని మరికొన్నిటికి అంటుకొంటుంది. 1983లో అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి ఇలాంటి ప్రోగ్రామును ప్రయోగం కోసం తయారుచేసినప్పుడు, వైరస్ అనే పేరును అతని గురువు లెనార్డ్ ఏడెల్‌మన్ సూచించాడు.

లద్దెపురుగు అలా కాదు. ఒక చేను తిని, గట్టు దాటి, పక్క చేనులోకి తానే పాకిపోతుంది. ఎవరూ మోయనక్కరలేదు. ఇలా ఒక కంప్యూటరు నుంచి మరొక దానికి నెట్‌వర్కు గుండా తానే పాకే ప్రోగ్రామును ఇంగ్లీషులో వార్మ్ అనీ, జర్మన్‌లో వుర్మ్ అనీ అంటారు. రెండు మాటలూ అక్కచెల్లెళ్లు. మన మూడవ గడిలో "పురుగు" అని రాసుకొన్నాం. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే అమెరికా విద్యార్థి వదిలిన పురుగు అప్పటి ఇంటర్నెట్‌లో వేలాది కంప్యూటర్లను పని చేయకుండా ఆపేసింది. ఆనాటి ఇంటర్నెట్ ఎంత చిన్నదో ఊహిస్తే అది ఎంత పెద్ద దెబ్బో తెలుస్తుంది.

మూడవది ట్రోజన్ గుర్రం. గ్రీకులు ట్రాయ్ నగరాన్ని పదేళ్లు ముట్టడించి, గెలవలేక, ఒక పెద్ద కొయ్య గుర్రాన్ని బయట వదిలి వెళ్లిపోయినట్లు నటించారట. ట్రాయ్ ప్రజలు దాన్ని తామే కోటలోకి లాక్కొనివెళ్లారు. రాత్రి గుర్రం కడుపులోంచి సైనికులు దిగి కోట తలుపులు తీశారు. మన భారతంలోని లక్క ఇల్లు గుర్తుకు వస్తున్నదా? బయటికి అందమైన కానుక, లోపల అగ్గి. మంచి ప్రోగ్రాములాగా కనిపించి, మన చేతనే లోపలికి తెప్పించుకొని, తరువాత హాని చేసేదాన్ని అందుకే ట్రోజన్ అంటారు.

ఇక్కడొక తమాషా ఉంది. జర్మన్లు ఈ పేరును పొట్టి చేసి ట్రోయానర్ అంటారు. దాని అసలు అర్థం ట్రాయ్ నగరవాసి అని. కాని గుర్రం పంపింది గ్రీకులు గదా! మోసపోయినవారి పేరు మోసానికి అంటుకొన్నది. ఇంగ్లీషులో ట్రోజన్ అన్నా ఇదే తప్పు. పేర్లు ఎప్పుడూ న్యాయంగా ఉండవు.

ఈ గుర్రం మన ఊళ్లకు కూడా వస్తున్నది. రైతులకు డబ్బు జమ అయ్యే పథకం పేరుతోనో, బ్యాంకు పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అనే మూడు అక్షరాలు ఉంటాయి. అది కాగితం కాదు, ఫోటో కాదు. అదొక ప్రోగ్రాము. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మన ఫోనుకు వచ్చే సందేశాలను అది చదివి దొంగకు చేరవేయగలదు. గుర్రాన్ని కోటలోకి లాగినది మనమే అవుతాం.

మరొక పేరు కూడా చూడండి. ఫైర్‌వాల్ అంటే మండుతున్న గోడ అని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. పత్తి గోదాములో ఒక గదిలో అగ్గి పుడితే పక్క గదికి పాకకుండా కట్టే గోడను ఇంగ్లీషులో అలా అంటారు. జర్మన్‌లో దాన్ని బ్రాంట్‌మౌవర్ అంటారు. బ్రాంట్ అంటే అగ్నిప్రమాదం, మౌవర్ అంటే గోడ. కంప్యూటరు విషయంలో మాత్రం జర్మన్లు కూడా ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు మాటే వాడుతున్నారు. నిజానికి కంప్యూటర్ ఫైర్‌వాల్ చేసే పని గోడకంటె చెక్‌పోస్టుకు దగ్గర. వచ్చే పోయే సమాచారాన్ని నియమాల ప్రకారం చూసి, కొన్నిటిని పోనిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది.

కాలువ కట్టకు బొరియ

దర్శి ప్రాంతానికి నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు వస్తుంది. కాలువ కట్టలు ఎలా తెగుతాయో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముందు ఎండ్రకాయ బొరియ చేస్తుంది. బొరియ ఉన్నంతమాత్రాన కట్ట తెగదు. అది నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండవచ్చు. ఒకనాడు నీరు దాన్ని కనిపెట్టి దూరుతుంది. మెల్లగా పెద్దదిచేసి గండి పెడుతుంది. బొరియ ఉందని ముందే తెలిసి గంపెడు మట్టి వేసి పూడ్చి ఉంటే గండి పడేది కాదు.

కంప్యూటర్ భద్రతలో నాలుగు ముఖ్యమైన మాటలు ఈ కథలోనే ఉన్నాయి. ప్రోగ్రాములో తెలియక మిగిలిపోయిన లోపాన్ని ఇంగ్లీషులో వల్నరబిలిటీ అంటారు. అది బొరియ. ఆ లోపంలో దూరే ఉపాయాన్ని ఎక్స్‌ప్లాయిట్ అంటారు. అది నీటి దారి. లోపలికి చొరబడటం బ్రీచ్. అది గండి. లోపాన్ని సరిచేసే చిన్న ప్రోగ్రామును ప్యాచ్ అంటారు. అది గంపెడు మట్టి. జర్మన్లు మొదటిదాన్ని జిషర్‌హైట్స్‌లుకె అంటారు. లుకె అంటే సందు. "భద్రతలో సందు" అన్నమాట. మన ఇద్దరి ఆలోచన ఒకే దారిన పోయింది చూశారా!

ఈ సందు ఎంత పని చేస్తుందో 2017లో ప్రపంచమంతా చూసింది. ఆ సంవత్సరం మార్చి 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌లో ఉన్న ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. చాలా చోట్ల దాన్ని వేసుకోలేదు. రెండు నెలలు గడిచాయి. మే 12వ తేదీన వానాక్రై అనే పురుగు బయలుదేరింది. అది కంప్యూటరులోని ఫైళ్లను తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇస్తేనే తీస్తానని తెరమీద రాసేది. జర్మనీలో రైల్వే స్టేషన్లలో రైళ్ల వేళలు చూపే బోర్డుల మీద ఆ బెదిరింపు కనిపించింది. ఆ మరునాడే మన రాష్ట్రంలో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికి అదే పురుగు పట్టింది. 150 దేశాలకు పైగా పాకింది. వేల కిలోమీటర్ల దూరాన ఉన్న జర్మనీ స్టేషనుకూ, మన గుంటూరుకూ ఒకే పురుగు! రెండు చోట్లా కట్టకు ఉన్నది ఒకే బొరియ కావటమే కారణం.

ఇలా తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామును ఇంగ్లీషులో రాన్సమ్‌వేర్ అంటారు. మనిషిని ఎత్తుకుపోయి విడుదలకు అడిగే సొమ్మును రాన్సమ్ అంటారు. జర్మన్లు దీనినే ఎర్‌ప్రెసుంగ్స్‌ట్రోయానర్ అని కూడా అంటారు. ఎర్‌ప్రెసుంగ్ అంటే బెదిరించి గుంజటం. కాని వానాక్రై గుర్రంలా పిలిస్తే రాలేదు, పురుగులా తానే పాకింది. ఇంగ్లీషు పేరు అది ఏమి చేస్తుందో చెబుతుంది, జర్మన్ పేరు ఎలా వస్తుందో కూడా చెప్పబోయి ఇక్కడ పొరబడింది. మేము మూడవ గడిలో "తాకట్టు పురుగు" అని రాసుకొన్నాం. మీకు ఇంతకంటె మంచి పేరు తోస్తే రాసుకోండి.

ఫోనులో "అప్‌డేట్ చేయండి" అనే సందేశం వస్తే చాలామంది విసుక్కొని పక్కకు తోసేస్తారు. అది చాలాసార్లు గంపెడు మట్టి అని గుర్తుంచుకోండి. అయితే దాన్ని ఫోను సెట్టింగులలోనే చేసుకోవాలి. ఎవరో పంపిన లింకు నొక్కి కాదు.

తాళంచెవి ఎక్కడుంది?

చిన్నప్పుడు మీరు క-భాష మాట్లాడి ఉంటారు. "కనేకను కరేకపు కవకస్తాకను" అంటే "నేను రేపు వస్తాను" అని. చుట్టూ ఉన్నవారికి అర్థం కాకుండా మాట మార్చటమే ఎన్‌క్రిప్షన్‌కు మూలం. జర్మన్లు దీన్ని తమాషాగా చెబుతారు. తాళంచెవిని వారు ష్లుసెల్ అంటారు. దాని నుంచి ఫెర్‌ష్లుసెల్న్ అనే క్రియ పుట్టింది. సందేశాన్ని "తాళంవేయటం" అని అనుకోవచ్చు. ఎంట్‌ష్లుసెల్న్ అంటే తాళం తీయటం. మనం మూడవ గడిలో ఇవే రాసుకొన్నాం.

క-భాషలో ఒక చిక్కు ఉంది. పద్ధతి తెలిసినవాడికి అంతా తెలిసిపోతుంది. దానికి తాళం ఉంది గాని వేరే తాళంచెవి లేదు. ఇప్పుడు ఇంకొక పద్ధతి చూడండి. క నుంచి ళ వరకు మన హల్లులు 34 వరుసగా రాయండి. ప్రతి హల్లుకు బదులు దాని తరువాతి హల్లు రాయండి. గుణింతం గుర్తులు మార్చవద్దు. అప్పుడు "దర్శి" అనే మాట "ధల్షి" అవుతుంది. ఇక్కడ పద్ధతి ముందుకు జరపటం, తాళంచెవి 1. ఈ అంకె మారిస్తే మాట మారుతుంది. రెండువేల ఏళ్ల క్రితం రోమన్ సేనాని జూలియస్ సీజర్ తన అక్షరాలను 3 స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడని చెబుతారు.

అయితే 34 హల్లులకు తాళంచెవులు 33 మాత్రమే. మీరు ఓపికగా కూర్చుంటే ఒక గంటలో అన్నీ వేసి చూడగలరు. ఈనాటి కంప్యూటర్లు వాడే తాళంచెవుల సంఖ్య రాయాలంటే ఒకటి పక్కన ముప్ఫై ఎనిమిది సున్నాలు పెట్టినా చాలదు. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసి వేసి చూసినా తరిగేది కాదు.

1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే ఆయన ఒక గొప్ప సూత్రం చెప్పాడు. ఆయన హాలండులో పుట్టి, పారిస్‌లో జర్మన్ భాష బోధించిన ఉపాధ్యాయుడు. పద్ధతి అంతా శత్రువుకు తెలిసిపోయినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి తెలియకపోతే చాలు, అలా ఉండాలి రహస్యలిపి అన్నాడు. ఈనాటికీ బ్యాంకులు, ఫోన్లు అన్నీ ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. దీని అర్థం గమనించారా? రక్షణ అంతా తాళంచెవి మీదే ఉన్నది. ఆ తాళంచెవిని మనమే చదివి వినిపిస్తే ఎంత గొప్ప గణితమైనా ఏమీ చేయలేదు!

హాల్‌టికెట్టు ఎవరిది?

ఇంకొక పొరపాటు కూడా సరిచేసుకొందాం. వాట్సాప్‌లో మాట్లాడే మాటలు తాళంవేసి పోతాయి కాబట్టి భయం లేదని కొందరు అనుకొంటారు. మధ్యలో మూడవవాడు వినలేడన్నది నిజమే. కాని అవతల ఉన్నవాడే దొంగ అయితే? దొంగతో రహస్యంగా మాట్లాడినంతమాత్రాన వాడు దొర కాడు. అవతల ఉన్నది ఎవరో తేల్చుకోవటం వేరే పని.

పదవ తరగతి పబ్లిక్ పరీక్ష రోజు గుర్తు చేసుకోండి. మీరు గది ముందు హాల్‌టికెట్టు చూపిస్తారు. పర్యవేక్షకుడు ఫోటోనూ మీ ముఖాన్నీ పోల్చి చూస్తాడు. సరిపోతే మీ నంబరు ఉన్న బల్ల దగ్గర కూర్చోనిస్తాడు. ఇక్కడ మూడు పనులు జరిగాయి. ఇంగ్లీషులో మొదటి రెండింటికీ కలిపి ఆథెంటికేషన్ అనే ఒకే మాట వాడుతారు. మూడవది, అంటే కూర్చోవటానికి అనుమతి, ఆథరైజేషన్. జర్మన్లు మొదటి రెండింటినీ కూడా విడదీశారు. నేను ఫలానా అని రుజువు చూపించటం ఔటెంటిజీరుంగ్. ఆ రుజువును అవతలివారు పరిశీలించటం ఔటెంటిఫిట్సీరుంగ్. చూపటం వేరు, సరిచూడటం వేరు అన్నమాట.

నా విద్యార్థి ఈ రెండు మాటలు చదివి వినిపించినప్పుడు నాకు మా వీధి రైతు గుర్తుకు వచ్చాడు. ఆ రోజు ఫోనులో ఏమి జరిగింది? ఈయన తన రుజువులన్నీ ఒకటొకటిగా చూపించాడు. పేరు, కార్డు, చివరకు ఆ ఆరు అంకెలు. అవతలివాడు ఒక్క రుజువైనా చూపించాడా? "బ్యాంకు నుంచి" అన్నాడు, అంతే. పర్యవేక్షకుడినని చెప్పుకొన్న వాడి హాల్‌టికెట్టు ఎవరూ అడగలేదు!

కాబట్టి ఫోను వచ్చినప్పుడు మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే: "ఇక్కడ ఎవరు ఎవరికి రుజువు చూపిస్తున్నారు?" అనుమానం వస్తే ఫోను పెట్టేయండి. బ్యాంకు పుస్తకం మీద, కార్డు వెనుక ముద్రించి ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. లేదా బ్యాంకుకు నడిచి వెళ్లండి. అంతలో కొంపలేమీ మునగవు.

ఆరు అంకెల అసలు పేరు

ఇప్పుడు ఓటీపీ దగ్గరకు వద్దాం. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు కంప్యూటరు ఎవరూ ఊహించలేని కొన్ని అంకెలను అప్పటికప్పుడు తయారుచేసి మీ ఫోనుకు పంపుతుంది. కొద్ది నిమిషాలే, ఒక్కసారే అది పనిచేస్తుంది. ఆ అంకెలు తిరిగి వస్తే, ఫోను చేతిలో ఉన్న అసలు ఖాతాదారుడే అడుగుతున్నాడని బ్యాంకు నమ్ముతుంది. మీకు తెలిసిన రహస్యం పిన్ ఒకటి, మీ దగ్గరున్న వస్తువు ఫోను ఒకటి. ఈ రెండు తాళాలలో రెండవది తెరిచేదే ఓటీపీ. దాన్ని ఇంకొకరికి చెప్పటమంటే ఆ నిమిషానికి మీ ఫోనును వాడి చేతిలో పెట్టినట్లే.

దీన్ని జర్మన్‌లో ఐన్‌మాల్‌కెన్‌వోర్ట్ అనవచ్చు. ఐన్‌మాల్ అంటే ఒక్కసారి. కెన్ అనేది తెలియటం అనే ధాతువు, వోర్ట్ అంటే మాట. "ఒక్కసారి పనికివచ్చే గుర్తుమాట". మంచి పేరే. కాని జర్మన్ బ్యాంకులు తమ ఖాతాదారులకు నేర్పిన పేరు ఇది కాదు. ట్యాన్ అన్నారు. అంటే "లావాదేవీ నంబరు" అని! వారూ నంబరే అన్నారు. పూర్వం ఆ నంబర్లను వరుసగా కాగితం మీద ముద్రించి ఇంటికి పంపేవారు. దొంగలు బ్యాంకు పేజీలాంటి నకిలీ పేజీలు తయారుచేసి జనం చేత ఆ నంబర్లు టైపు చేయించేవారు. ఇలా గాలం వేసే పనికే ఫిషింగ్ అని పేరు. 2019 సెప్టెంబరులో ఐరోపా కొత్త నియమాలు అమలులోకి రావటంతో ఆ కాగితపు పట్టీలు పోయాయి. చూశారా, చదువుకొన్న దేశంలోనూ నంబరు అనేసరికి జనం చెప్పేశారు. తప్పు పేరు ఏ భాషలోనైనా తప్పు దారే పట్టిస్తుంది.

మరి మన మూడవ గడిలో ఏమి రాశామో చెప్పనా? "ఒక్కసారి తాళంచెవి".

ఆ మరునాడు నేను మా వీధి రైతు ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొన్నాడు. తరువాత ఇంట్లోకి కేకవేసి, "ఇదిగో, ఫోనులో వచ్చే అంకెలను ఇకనుంచి తాళంచెవి అనండి" అని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. పోయిన డబ్బు తిరిగి రాలేదు. కాని ఆ ఇంట్లో ఇంకొకసారి పోదని నాకు నమ్మకం.

ఎవరికైనా ఇలా జరిగితే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ మోసాల మీద దేశమంతటికీ ఉన్న సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు దొంగల ఖాతాలలో నుంచి జారిపోకుండా ఆపటానికి అంత అవకాశం ఉంటుంది. అలాగే యూపీఐ పిన్ డబ్బు పంపటానికే గాని, తీసుకోవటానికి ఎన్నడూ అక్కరలేదు. "డబ్బు వేస్తాను, పిన్ కొట్టండి" అన్నవాడు ఇచ్చేవాడు కాదు, తీసుకొనేవాడు.

చేసి చూడండి

1. మీ నోటుపుస్తకంలో రెండు గళ్లు గీయండి. మొదటి గడిలో పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ, ఫైర్‌వాల్, వైరస్, ప్యాచ్, బ్యాక్‌డోర్ అని రాయండి. రెండవ గడిలో మీ ఇంట్లో పెద్దవారికి అర్థమయ్యే తెలుగు మాట రాయండి. చివరి దానికి ఒక ఆధారం: మన ఇళ్లలో వెనుకవైపు ఉండే తలుపుకు ఒక పేరుంది. అడ్డదారిన జరిగిన పనిని కూడా ఆ పేరుతోనే చెబుతాం.

2. ఆ మాటలను మీ నాయనమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. వారికి అర్థం కాకపోతే తప్పు వారిది కాదు, మీ మాటది. మార్చి రాయండి.

3. "మన్ని" అనేది హల్లులు జరిపి రాసిన మాట. తాళంచెవి ఎంతో చెప్పను. వెనక్కు జరుపుతూ కనిపెట్టండి. అది మన నల్లరేగడి నేలల్లో తెల్లగా పూసే పంట!